అద్దం వెనక కాగితం

మల్బరీ వీధి. ఉదయం ఏడున్నర.
రాత్రి పడ్డ మంచు ఇంకా మురికి కాలేదు.
చేతిలో యంత్రం, నడుముకి కాగితపు చుట్ట,
తొమ్మిదేళ్ళుగా ఇదే నా బీటు.
ఇక్కడ నన్నెవరూ షహీనూర్ అని పిలవరు.
పిలిచే పేర్లు మా వాడి ముందు చెప్పను.

మొదటి కారు. అద్దం వెనక కాగితం:
న్యాయస్థానం, అధికారిక విధి.
రెండోది నిప్పార్పే శాఖ వాళ్ళది,
ఆపింది మాత్రం ఫైర్ హైడ్రెంటుకి అడ్డంగా.
మూడోదానికి కాగితం కూడా లేదు,
మడత విప్పని పసుపు జాకెట్టొకటి
డాష్‌బోర్డు మీద పిల్లిలా ముడుచుకు పడుకుంది.
నాలుగోదాంట్లో ఒక టోపీ.
ఐదోదాంట్లో పెన్నుతో రాసిన చీటీ: డ్యూటీలో ఉన్నాను.
ఎవరి డ్యూటీ, ఏం డ్యూటీ,
అడిగే డ్యూటీ నాది కాదు.

చట్టం తన పని తాను చేసుకుపోతుందట.
పనికొచ్చినప్పుడు అది
కారెక్కడ పెడుతుందో నాకు తెలుసు.

సరుకు దించుకోమని గీసిన గీతల్లో ఆ ఐదూ ఉంటే
రోడ్డు నడిమధ్య వ్యానాపి
విల్సన్ కిష్పె పీతల బుట్టలు దించుతున్నాడు.
"రెండు నిమిషాలు, సెన్యోరా."
అతని రెండు నిమిషాలు నా యంత్రంలో
నూట పదిహేను డాలర్లు.
తడి చేత్తో అందుకుని, నాలుగు మడతలు పెట్టి
చొక్కా జేబులో వేసుకున్నాడు.
తిట్టలేదు.
తిడితే బాగుండేది.
బుట్టలో ఒక పీత, తాళ్ళు కట్టిన గిట్టలతో,
నా వంకే చూస్తున్నట్టనిపించింది.

మూల మీద, పేవ్‌మెంటు వాలుగా దిగే చోట
ఇంకో కారు, ఇంకో కాగితం.
లౌ సుక్ యిన్‌ని డయాలిసిస్‌కి తీసుకెళ్ళే బండి
వీధి మధ్యలోనే లిఫ్టు దించింది.
ఆమె చక్రాల కుర్చీ బురద మంచులో సగం దిగబడింది.
ఒళ్ళో నర్సులకని కొన్న గుడ్డు టార్టుల పెట్టె,
దాని మీద రెండు చేతులూ.
వెనకాల టాక్సీలు మోగిస్తూనే ఉన్నాయి.
కుర్చీని నేనూ ఒక చెయ్యేసి లేపాను.
అది నా పనుల జాబితాలో లేదు.

అప్పుడు చూశాను వెండిరంగు కారుని.

కాగితం జిరాక్సు. అంచులు వంకరగా కత్తిరించినవి.
నంబరులో ఏడంకె నడుం మీద అడ్డగీత.
ఆ గీత నాకు తెలుసు.
ట్రమొంటానో గారు అలాగే రాసేవాడు.
నాకు ఈ పని నేర్పింది ఆయనే.
"కాగితం చూడకు, షహీ. చక్రాలెక్కడున్నాయో చూడు"
అని మొదటి వారమంతా నా చెవిలో పోరిన మనిషి.
పోయిన ఫిబ్రవరిలో స్టేటన్ ఐలండ్‌లో
ఆయన పెట్టె మీద నేనూ ఒక గులాబీ వేసొచ్చాను.

పోయినాయన ఇంకా
రోజూ ఇక్కడికొచ్చి కారు పెడుతున్నాడు.

యంత్రం కారణం అడిగింది. నొక్కాను.
కాగితం బయటికి రావడానికి పట్టే ఆ కాసేపు
తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ అంత పొడుగ్గా లేదు.

కాఫీ కప్పుతో ఒక కుర్రాడు పరిగెత్తుకొచ్చాడు.
గడ్డం అచ్చం వాళ్ళ నాన్నదే.
"అది మా నాన్నది! ఈ ఊరికి ఇరవై ఎనిమిదేళ్ళు చేశాడాయన!
మీ కెప్టెన్ ఎవరో తెలుసు నాకు!"

నాకూ తెలుసు.
రేపు నన్ను బ్రాంక్స్ చివరికి తోస్తారనీ తెలుసు.

"మీ నాన్నకి చోటు దొరికింది బాబూ," అన్నాను,
"సముద్రం కనబడే గుట్ట మీద.
అక్కణ్ణించి ఆయన్ని ఎవరూ కదలమనరు."

కుర్రాడు ఏదో అనబోయి
కప్పు మూత సరిచేసుకున్నాడు.
వైపరు కింది కాగితం తీసి, చదవకుండా
పక్క సీట్లోకి విసిరి వెళ్ళిపోయాడు.

ఆ ఖాళీ పదకొండు సెకన్లు ఖాళీగా ఉంది.
విల్సన్ అప్పటికే వెళ్ళిపోయాడు.
నల్లటి కారొకటి వెనక్కి వెనక్కి వచ్చి ఆగింది.
అద్దం మీద మంచు చేత్తో తుడిచి

వంగి చూశాను.